పాటను వదలని వేళ్లు: థెలోనియస్ మాంక్ పియానో

1954 డిసెంబర్ 24. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజనీరు తన తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే రికార్డింగ్ స్టూడియో నడుపుతున్న రోజులు. ఆవేళ అక్కడ చేరినవాళ్లు అయిదుగురు. ట్రంపెట్ మైల్స్ డేవిస్, వైబ్రఫోన్ మిల్ట్ జాక్సన్, బేస్ పెర్సీ హీత్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్, పియానో థెలోనియస్ మాంక్. వాయిస్తున్నది జార్జ్ గెర్ష్విన్ పాత పాట ‘ద మాన్ ఐ లవ్’. రెండో టేకులో మాంక్ వంతు వచ్చేసరికి బేస్, డ్రమ్స్ చురుగ్గా పరుగెడుతున్నాయి. వాటి మీద ఎవరైనా వేళ్లు పరుగెత్తించి తన సత్తా చూపిస్తారు. మాంక్ ఆ పని చేయలేదు. గెర్ష్విన్ పాటనే తీసుకుని, ఒక్కొక్క స్వరాన్నీ సాగదీసి, పడవలసిన చోటు దాటాక దించుతూ పోయాడు. కాసేపటికి అవీ ఆగిపోయాయి. బేస్, డ్రమ్స్ మాత్రం నడుస్తూనే ఉన్నాయి. పియానో లేదు. మర్చిపోయాడా, అలిగాడా అని వినేవాడికి అనుమానం వచ్చేంత సేపు లేదు. చివరికి డేవిస్ ట్రంపెట్ ఎత్తి రెండు మాటలు పిలిచినట్టు వాయించాడు. మరుక్షణం మాంక్ సరిగ్గా తాళంలో, పరుగు మీద వచ్చి కలిశాడు.

ఆ రోజు తాను ట్రంపెట్ వాయిస్తున్నంతసేపూ వెనక పియానో వాయించవద్దని డేవిస్ మాంక్‌ను కోరాడు. ఇద్దరూ కొట్టుకున్నారని పుకారు లేచింది. ఇద్దరూ కాదన్నారు. జాజ్ లోకంలో ఇలాంటి కథలు రికార్డుల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. ఇప్పుడా రికార్డు వింటే, గొడవ సంగతి ఎలా ఉన్నా, ఆ ఖాళీ మాత్రం అలకలా అనిపించదు. తిరిగి ఎక్కడ అడుగు పెట్టాలో తెలిసినవాడే అంతసేపు బయట నిలబడగలడు.

మాంక్ గురించి రాసేవాళ్లు సాధారణంగా వింతల దగ్గర మొదలుపెడతారు. రకరకాల టోపీలు, వెదురు చట్రం నల్లకళ్లద్దాలు, తోటివాళ్లు వాయిస్తుంటే పియానో వదిలి లేచి వేదిక మీద గుండ్రంగా తిరుగుతూ ఆడటం, రోజుల తరబడి మౌనం. అవన్నీ నిజమే. కానీ ఆ వింతల చాటున ఆయన పనితనం మరుగున పడిపోయింది. జాజ్‌లో మామూలు పద్ధతి ఏమిటంటే, ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆ పాట కింద ఉన్న కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస మీద తమ సొంత కల్పన చేస్తారు. చివర మళ్లీ పాటకు వస్తారు. మధ్యలో ఆ పాట ఏమైందని ఎవరూ అడగరు. మాంక్ అడిగాడు. కల్పన చేస్తున్నంతసేపూ పాట వేళ్ల కిందే ఉండాలన్నది ఆయన పట్టు. కర్ణాటక సంగీతంలో నెరవల్ విన్న చెవులకు ఇది కొత్త కాదు. సాహిత్యం ఒక్క పంక్తే, మాటలు తాళంలో తమ చోట తాము ఉంటాయి, వాటిని విడవకుండానే విద్వాంసుడు ఎంత దూరమైనా వెళ్తాడు. మాంక్ చేసింది దాదాపు అదే. కాకపోతే ఆయన చుట్టూ ఉన్నవాళ్లు అలా చేయడం లేదు.

ఆయన 1917 అక్టోబర్ 10న నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాకీ మౌంట్‌లో పుట్టాడు. 1922లో తల్లి బార్బరా ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని న్యూయార్క్ వచ్చి, మన్‌హాటన్‌లోని శాన్ హువాన్ హిల్ పేటలో, వెస్ట్ 63వ వీధిలో కాపురం పెట్టింది. దక్షిణాది నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్లు కిక్కిరిసి ఉండే పేట అది. మాంక్ జీవితంలో చాలా భాగం ఆ వీధిలోనే గడిచింది. పియానో ఎవరి దగ్గరా నేర్చుకోలేదని, అందుకే అలా వాయించేవాడని ఒక మాట చాలాకాలం చలామణీ అయింది. అది అబద్ధం. సైమన్ వుల్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడి దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. అదే పేటలో ఉండే ఆల్బెర్టా సిమన్స్ అనే ఆవిడ దగ్గర రాగ్‌టైమ్, స్ట్రైడ్ వాయిద్యం పట్టుకున్నాడు. స్ట్రైడ్ అంటే ఎడమచెయ్యి కింది స్థాయిలో ఒక్క స్వరం మోగించి, ఆ వెంటనే పైకి గెంతి కార్డు పట్టుకుని, మళ్లీ కిందికి దిగే నడక. జేమ్స్ పి. జాన్సన్ లాంటి ఆ విద్య మహామహులు ఆ చుట్టుపక్కల వాళ్లే. మాంక్ ఎంత కొత్తదారి పట్టినా ఆ ఎడమచేతి నడక ఆయనను వదిలిపోలేదు. పదిహేడేళ్ల వయసు దాటుతుండగా ఒక మతప్రచారకురాలి బృందంతో ఊళ్లు తిరిగి చర్చి పాటలకు పియానో వాయించాడు. భక్తుల గొంతులకు తోడు వాయించడం కంటే మంచి పాఠశాల ఉండదు. అక్కడ పాట వదిలేస్తే ఎవరూ ఊరుకోరు.

1940 దశకం మొదట్లో హార్లెమ్‌లో, వెస్ట్ 118వ వీధిలో మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బు ఉండేది. అక్కడ ఆస్థాన పియానో వాద్యకారుడు మాంక్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్. ట్రంపెట్ డిజీ గిలెస్పీ, గిటార్ చార్లీ క్రిస్టియన్ లాంటివాళ్లు తమ కొలువులు ముగించుకుని రాత్రి పొద్దుపోయాక అక్కడికి చేరేవారు. బీబాప్ అనే కొత్త పద్ధతికి పురుడు పోసిన చోట్లలో అది ముఖ్యమైనది. అందుకే ఆయనకు బీబాప్ ప్రధాన పూజారి అని రికార్డు కంపెనీ వాళ్లు బిరుదు తగిలించారు. నా ఉద్దేశంలో అది ఆయనకు సరిపడని చొక్కా. బీబాప్ అంటే వేగం. చార్లీ పార్కర్ సాక్సఫోన్, పియానో మీద బడ్ పవెల్ కుడిచెయ్యి ఊపిరి సలపనివ్వవు. మాంక్ ఆ కార్డుల విద్యను అందరికీ పంచిపెట్టాడు గానీ, ఆ పరుగులో తాను చేరలేదు. ఇద్దరు మిత్రులు అటూ ఇటూ పరుగెడుతుంటే నడిరోడ్డు మీద తాపీగా నడిచాడు.

ఇక చేతుల సంగతి. పియానో గురువులు వేళ్లు వంచి, కొనలతో మెట్లను తాకమని చెబుతారు. మాంక్ వేళ్లు నిటారుగా, బల్లపరుపుగా పడతాయి. వేలికి పెద్ద ఉంగరం. అవసరమైతే మోచెయ్యి కూడా మెట్ల మీదికి వచ్చేది. కుడిచెయ్యి ఎడమచేతి మీదుగా దాటి వచ్చి కింది స్థాయిలో ఒక్క స్వరం పొడిచి పోయేది. చూసినవాళ్లకు మొరటుగా కనిపిస్తుంది. కానీ ఆ చదును వేళ్లతోనే పియానోకు సాధారణంగా రాని మోత వస్తుంది. గంట మీద సుత్తి పడినట్టు గట్టిగా, అంచులు కోసుకుపోయేలా ఉండే మోత. ఒక కార్డు కొట్టి, అందులో ఒక్కో వేలినీ ఒక్కో సమయానికి ఎత్తుతూ, చివరికి ఒకే స్వరాన్ని మిగల్చడం ఆయనకు అలవాటు. మెట్టు నొక్కడం మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. వేలు ఎత్తే క్షణం మీద కూడా అంత శ్రద్ధ పెట్టినవాళ్లు తక్కువ.

పియానోలో గమకం పలకదు. ఏ మెట్టు స్వరం ఆ మెట్టుదే. బ్లూస్ పాటకు ప్రాణమేమో గమకమే. మన లెక్కలో చెప్పుకుంటే, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగుతూ ఉండే ఒక గాంధారం. గాయకుడు గొంతుతో, గిటారు వాళ్లు తీగ లాగి దాన్ని పలికిస్తారు. పియానో మీద ఆ చోట మెట్టే లేదు. మాంక్ ఏం చేశాడంటే, పక్కపక్కనే ఉన్న ఆ రెండు మెట్లనూ ఒకేసారి నొక్కాడు. ఒక్కోసారి రెండింట్లో ఒకదాన్ని ముందుగా వదిలేశాడు. అలా నొక్కి వదిలినప్పుడు స్వరం కిందినుంచి పైకి జారినట్టు చెవికి తోస్తుంది. వేలు జారి పక్క మెట్టు మీద పడిందని మొదట విన్నవాళ్లు అనుకున్నది దీన్నే. ఏ పాట తీసుకున్నా అది అదే చోట, అదే బరువుతో మళ్లీ మళ్లీ పడుతుంటే వేలు జారిందని ఎలా అంటాం?

ఆయనకు ఇష్టమైన మరో సంగతి, పై స్థాయి నుంచి కిందికి జలజల దూకే ఒక పరుగు. అందులో ఆరు స్వరాలుంటాయి, ఏ రెండు స్వరాల మధ్య చూసినా దూరం సమానం. పంచమం లేని మన గోప్రియ రాగంలోని స్వరాలే అవి. అన్నీ సమదూరంలో ఉండడం వల్ల ఇల్లు ఎటో చెవికి తెలియదు. మాంక్ ఆ పరుగును ఇల్లు చేరే ముందు, ఒక్క క్షణం దారి తప్పించడానికి వాడుకుంటాడు. మరొకరైతే తమ నైపుణ్యం చూపడానికి వాడేది.

రచనల్లో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన దాదాపు 70 స్వరరచనలు చేశాడు. డ్యూక్ ఎలింగ్టన్ వెయ్యికి పైగా చేశాడు. అయినా జాజ్‌లో ఎలింగ్టన్ తర్వాత ఎక్కువగా రికార్డయ్యేవి మాంక్ రచనలే అంటారు. 1951లో రికార్డు చేసిన ‘స్ట్రెయిట్, నో చేజర్’ తీసుకుందాం. 12 బార్ల (తాళపు కొలతల) బ్లూస్, పాట మొత్తం ఒక చిన్న తునక మీద నడుస్తుంది. మంద్ర పంచమం, షడ్జం, రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం. అంతే. చంటిపిల్లాడు కూడా పట్టుకోగలడు. అయితే ఆ తునక రెండోసారి వచ్చేటప్పుడు తాళంలో వేరే దెబ్బ మీద మొదలవుతుంది. మూడోసారి ఇంకో చోట. ఒకసారి పొట్టిగా తెగిపోతుంది, ఒకసారి తోక పొడవవుతుంది. స్వరాలు మారలేదు, ఎత్తుగడ చోటు మాత్రం ముందుకూ వెనక్కీ జరుగుతోంది. అతీతం, అనాగతం అని మనం పేర్లు పెట్టుకున్న లెక్కలే ఇవి. విన్నవాడు తాళం తప్పిందనుకుని కంగారుపడతాడు. 12 బార్లు పూర్తయ్యే సరికి అన్నీ కలిసి ఉంటాయి. ఈ పాటను చాలామంది మొదటి పాఠంగా నేర్చుకుంటారు, చాలామంది తప్పుగా వాయిస్తారు. తునక తెలుస్తుంది, చోటు తెలియదు.

తన పేరే పెట్టుకున్న ‘థెలోనియస్’ అన్న రచనలో (1947) పాట చాలావరకూ ఒకే స్వరం. కుడిచెయ్యి అదే మెట్టును పట్టుకుని వేలాడుతుంది, కింద కార్డులు కదిలిపోతుంటాయి. స్వరం మారకపోయినా దాని అర్థం ప్రతి బారుకూ మారుతుంది. ‘మిస్టీరియోసో’లో రెండేసి స్వరాలు విడివిడిగా, ఎక్కడా ఆగకుండా, మెట్లెక్కే పిల్లాడిలా సమాన గతిలో పైకీ కిందికీ పోతాయి. ‘ఎవిడెన్స్’ మరీ విడ్డూరం. ‘జస్ట్ యూ, జస్ట్ మీ’ అనే పాత పాట కార్డుల వరసను అలాగే ఉంచి, పైన ఉన్న పాటనంతా చెక్కేసి, అక్కడొకటి ఇక్కడొకటి దెబ్బలు మాత్రం మిగిల్చాడు. ఎక్కువ భాగం ఖాళీయే. ఆ ఖాళీల్లో తాళం వేస్తూ కూర్చుంటే గానీ తర్వాతి దెబ్బ ఎందుకు అక్కడే పడాలో అర్థం కాదు. నేను ఆయన రచనలన్నింటిలో గొప్పది ఏదంటే ఇదే అంటాను. అందమైనది ఏదంటే మాత్రం అందరిలాగే ‘రౌండ్ మిడ్‌నైట్’ అనక తప్పదు. దాన్ని 1944లోనే కూటీ విలియమ్స్ బృందం రికార్డు చేసింది. రచయితల పేర్లలో విలియమ్స్ పేరు కూడా చేరింది. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

సొంత పేరుతో మాంక్ మొదటి రికార్డింగ్ 1947 అక్టోబర్‌లో, బ్లూ నోట్ కంపెనీకి. అప్పుడాయనకు సరిగ్గా 30 ఏళ్లు. కంపెనీ యజమాని ఆల్‌ఫ్రెడ్ లయన్ భార్య లొరెయిన్ ఆ రికార్డులు చేతపట్టుకుని కొట్లచుట్టూ తిరిగింది. హార్లెమ్‌లోనే ఒక కొట్టువాడు, ఈ మనిషికి రెండూ ఎడమచేతులేనని తిప్పి పంపించాడట. రికార్డులు అమ్ముడుపోలేదు. 1951 ఆగస్టులో మిత్రుడు బడ్ పవెల్‌తో కలిసి కారులో ఉండగా పోలీసులు మాదకద్రవ్యాల కేసులో పట్టుకున్నారు. మిత్రుడి మీద సాక్ష్యం చెప్పడానికి మాంక్ ఒప్పుకోలేదు. జైలుకెళ్లాడు. అంతకంటే పెద్ద దెబ్బ, ఆయన క్యాబరే కార్డు రద్దయింది. మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే ఆ రోజుల్లో న్యూయార్క్ పోలీసులిచ్చే ఆ కార్డు చేతిలో ఉండాలి. 1957 దాకా దాదాపు ఆరేళ్లు సొంత ఊళ్లో ఆయనకు సరైన పని లేదు. ఇల్లు నడిచింది భార్య నెల్లీ సంపాదన మీద. ఈ ఆరేళ్లలో వాయిద్యాన్ని కొంచెం మెత్తబరచుకుంటే బయటి ఊళ్ల పనులన్నా పెరిగి ఉండేవి. ఆయన ఒక్క స్వరం కూడా మార్చలేదు. ఇంట్లో పియానో ముందు కూర్చుని రాసుకున్నాడు.

1955లో రివర్‌సైడ్ అనే చిన్న కంపెనీ మాంక్ ఒప్పందాన్ని ప్రెస్టీజ్ కంపెనీ నుంచి కొనుక్కుంది. ధర 108 డాలర్ల పైచిలుకు. ప్రెస్టీజ్‌కు మాంక్ బాకీ పడ్డ అడ్వాన్సు అంతే. దాన్ని తీర్చి మనిషిని తెచ్చుకున్నారు. రివర్‌సైడ్ నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ తెలివైనవాడు. మాంక్ అంటే జనానికి బెదురు పోవాలని మొదటి రికార్డు ఎలింగ్టన్ పాటలతో చేయించాడు. మాంక్ వినయంగా వాయించాడు. నాకు ఆ రికార్డు కొంచెం మర్యాద ఎక్కువైనట్టు అనిపిస్తుంది.

మర్యాదలన్నీ 1956 అక్టోబర్‌లో తీరిపోయాయి. ‘బ్రిలియంట్ కార్నర్స్’ అన్న రచన కోసం టెనర్ సాక్సఫోన్‌కు సానీ రోలిన్స్, ఆల్టోకు ఎర్నీ హెన్రీ, బేస్‌కు ఆస్కార్ పెటిఫర్డ్, డ్రమ్స్‌కు మాక్స్ రోచ్ వచ్చారు. అంతకంటే గట్టి బృందం అప్పట్లో దొరకదు. పాట కొలత చూడండి. మొదటి భాగం 8 బార్లు, రెండోది 7, మూడోది మళ్లీ 7. మొత్తం 22 బార్ల ఆవర్తం. జాజ్ వాళ్ల చేతులు 12కీ 32కీ అలవాటుపడ్డాయి. అది చాలదన్నట్టు ఒక ఆవర్తం మొదటి కాలంలో, తర్వాతది రెండో కాలంలో, మళ్లీ మొదటి కాలం, మళ్లీ రెండోది. కల్పన చేసేవాడు కూడా ఈ కాలం మార్పును మోయాలి. నాలుగు గంటలు పట్టింది, 25 టేకులయ్యాయి, ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా సరిగా రాలేదు. కీప్‌న్యూస్ చివరికి టేపు ముక్కలు కత్తిరించి అతికించి పాటను పూర్తిచేశాడు. మనకు వినబడేది ఆ అతుకుల పాటే. అతుకు ఉన్నా ఆ పాటలో రోలిన్స్ సోలో వింటుంటే, ఒక మహా వాద్యకారుడు తెలియని నేల మీద కాలు ఊని చూసుకుంటూ నడవడం తెలుస్తుంది. ఆ రికార్డులోనే ‘పానానికా’ అనే పాట ఉంది. స్టూడియోలో ఎవరో వదిలిపోయిన చెలెస్తా వాద్యం కనబడితే మాంక్ దాన్ని పియానో పక్కకు జరిపించి, కుడిచేత్తో దాన్నీ ఎడమచేత్తో పియానోనూ ఒకేసారి వాయించాడు. గమ్మత్తు కోసం చేశాడనుకుంటాం. విన్నాక, ఆ పాట పైస్వరాలకు ఆ చిన్న గంటల మోతే సరిపోతుందనిపిస్తుంది. పాటకు ఆ పేరిచ్చిన పానానికా రాత్స్‌చైల్డ్ కుటుంబపు ఆడపడుచు. 1954లో పారిస్‌లో మాంక్‌కు పరిచయమైంది. ఆనాటి నుంచి చివరిదాకా మాంక్ కుటుంబానికి అండగా నిలిచింది.

క్యాబరే కార్డు తిరిగొచ్చిన 1957 వేసవిలో ఆయనకు ఫైవ్ స్పాట్ కెఫేలో కొలువు దొరికింది. సాక్సఫోన్‌కు జాన్ కోల్ట్రేన్. అప్పుడే హెరాయిన్ వదిలించుకుని, మైల్స్ డేవిస్ బృందం నుంచి బయటపడ్డ మనిషి. పొద్దున్నే మాంక్ ఇంటికి వెళ్లేవాడు. ఈయన పియానో ముందు కూర్చుని పాట వాయిస్తే కోల్ట్రేన్ చెవితో పట్టుకునేవాడు. కాగితం ఉన్నా మాంక్ చూపించడానికి ఇష్టపడేవాడు కాదు. చెవితో వచ్చింది ఒంట పడుతుంది, కాగితం మీది నుంచి వచ్చింది కాగితం మీదే ఉంటుంది అన్నది ఆయన పద్ధతి వెనక ఉన్న నమ్మకమని నాకనిపిస్తుంది. రాత్రి క్లబ్బులో కొంత తోడు వాయించి, పియానో వదిలేసి లేచేవాడు. కోల్ట్రేన్ వెనక బేస్, డ్రమ్స్ మాత్రమే మిగిలేవి. మాంక్ పక్కన నిలబడి ఆడుతుండేవాడు. ఆ ఆటను పిచ్చి అన్నవాళ్లున్నారు. ఆ పాదాలను గమనించిన తోటి వాద్యకారులు మాత్రం, తాళం ఎక్కడుందో అక్కడ చూసుకునేవారు.

వాళ్లిద్దరూ కలిసి స్టూడియోలో నలుగురి బృందంగా రికార్డు చేసినవి మూడు పాటలే. అదే మహాభాగ్యమని అందరూ సరిపెట్టుకున్నాక, 2005లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేసే లారీ యాపెల్‌బామ్‌కు అక్కడ ఒక టేపు దొరికింది. 1957 నవంబర్ 29న కార్నెగీ హాల్లో జరిగిన కచేరీ అది, వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు రికార్డు చేసి పెట్టినది. దానిలో కోల్ట్రేన్ స్వరాల వాన కురిపిస్తుంటే మాంక్ కింద నుంచి పాట తునకలను ఒక్కొక్కటే అందిస్తుంటాడు. ‘నువ్వెంత దూరమైనా పో, పాట ఇదీ’ అన్నట్టు. నెలల తరబడి చేసిన సాధనకు ఫలితం అక్కడ వినిపిస్తుంది.

అదే ఏడాది నెల్లీకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా మాంక్ ఒక పాట మీద వారాల తరబడి కూర్చున్నాడు. అది ‘క్రెపస్క్యూల్ విత్ నెల్లీ’. దాని మీద ఎవరూ కల్పన చేయకూడదు. పాట మొదలవుతుంది, ఉన్నది ఉన్నట్టు సాగుతుంది, అయిపోతుంది. తర్వాత పదేళ్ల పైచిలుకు ఎన్ని కచేరీల్లో వాయించినా అలాగే వాయించాడు. కల్పనే ప్రాణమైన విద్యలో పుట్టి పెరిగినవాడు ఒక పాటకు కల్పన నిషేధించడం చిన్న విషయం కాదు. ఆ పాటలో తీసేయగలిగిన స్వరం నాకైతే ఒక్కటీ దొరకలేదు.

1958 అక్టోబర్‌లో డెలావేర్ రాష్ట్రంలో, మంచినీళ్ల కోసం ఒక మోటెల్ దగ్గర కారు ఆపిన మాంక్‌ను పోలీసులు పట్టుకుని చేతుల మీద కొట్టారు. క్యాబరే కార్డు మళ్లీ పోయింది. ఇంకోపక్క పేరు పెరుగుతూనే ఉంది. 1962లో కొలంబియా లాంటి పెద్ద కంపెనీ ఒప్పందం చేసుకుంది. 1964 ఫిబ్రవరి 28 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం మాంక్. జాజ్ వాళ్లలో ఆ గౌరవం దక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నిజానికి అది 1963 నవంబర్‌లోనే రావలసింది, కెనెడీ హత్యతో వాయిదా పడింది. దేశదేశాల కచేరీలు, 1959 నుంచి 1970 దాకా పక్కనే ఉన్న చార్లీ రౌస్ సాక్సఫోన్. ఈ కాలాన్ని మెచ్చుకునేటప్పుడు నాకు కొంచెం తటపటాయింపు ఉంటుంది. కొత్త రచనలు తగ్గాయి. అవే పాటలు, అదే వరస. రౌస్ ఎంత నమ్మకస్తుడైనా రోలిన్స్ కాడు, కోల్ట్రేన్ కాడు. 1968లో ఆలివర్ నెల్సన్ పెద్ద బృందంతో చేసిన ‘మాంక్స్ బ్లూస్’ వింటే, గుండీలన్నీ పెట్టిన కోటు తొడిగించి ఆయన్ను ఊపిరాడకుండా చేసినట్టుంటుంది. మరోవైపు మానసిక అనారోగ్యం ముదిరింది. 1971 నవంబర్‌లో లండన్‌లో చివరిసారిగా సొంత పేరుతో రికార్డు చేశాడు. 1976 తర్వాత జనం ముందు వాయించలేదు. న్యూజెర్సీలోని వీహాకెన్‌లో పానానికా ఇంట్లో ఉన్నాడు. పియానో ఇంట్లోనే ఉన్నా దాదాపు ముట్టుకోలేదు. 1982 ఫిబ్రవరి 17న పోయాడు. 2006లో పులిట్జర్ కమిటీ ప్రత్యేక గుర్తింపు ప్రకటించింది.

మాంక్‌ది అంతా ఆ క్షణానికి తోచిన వాయింపేనని ఇంకా అనుకునేవాళ్లు వినవలసినవి రెండున్నాయి. మొదటిది, 1957 ఏప్రిల్‌లో ‘థెలోనియస్ హిమ్‌సెల్ఫ్’ అనే ఏకవాద్య రికార్డు చేస్తున్నప్పుడు తిరిగిన టేపు. ‘రౌండ్ మిడ్‌నైట్’ ఆయన సొంత పాట. అప్పటికి దశాబ్దం పైగా వాయిస్తున్నాడు. అయినా ఆ టేపులో దాదాపు 22 నిమిషాలు దాన్ని పట్టుకుని కుస్తీ పడతాడు. ఒక కార్డు వేస్తాడు, ఆగుతాడు, దాన్నే కింది స్వరం మార్చి వేస్తాడు, నచ్చక మళ్లీ మొదటికి వస్తాడు. ఒక స్వరం ముందు ఖాళీని కొంచెం పెంచి చూస్తాడు. పైకి తడబాటులా వినిపించేదంతా ఇలా ఏరి కూర్చినదే.

రెండోది 1959 ఫిబ్రవరి 28 నాటి టౌన్ హాల్ కచేరీ. దీనికి ముందు వారాల్లో మాంక్, జూలియార్డ్‌లో పాఠాలు చెప్పే హాల్ ఓవర్టన్ కలిసి సిక్స్త్ అవెన్యూలోని ఓవర్టన్ మేడగదిలో కూర్చుని పదిమంది బృందానికి స్వరలిపి తయారుచేశారు. అదే భవనంలో ఉండే ఛాయాచిత్రకారుడు యూజీన్ స్మిత్ గోడలకు మైకులు అమర్చి పెట్టుకున్నందువల్ల ఆ సాధన టేపులు కూడా మిగిలాయి. ఓవర్టన్ పియానో మీద ఒక కార్డు వేసి ఇదేనా అంటాడు, మాంక్ కాదంటాడు, అందులో ఒక్క స్వరం మార్చమంటాడు. వాళ్లు చేసిన పనుల్లో కెల్లా సాహసమైనది ‘లిటిల్ రూటీ టూటీ’. కొడుకు పేరు మీద, రైలు కూతతో కట్టిన పాట అది. 1952లో ముగ్గురి బృందంతో రికార్డు చేసినప్పుడు మాంక్ అప్పటికప్పుడు వాయించిన పియానో సోలోను ఓవర్టన్ యథాతథంగా రాసి, ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబా, మూడు సాక్సఫోన్లకు పంచాడు. ఏడేళ్ల కిందట పక్క మెట్టు మీద పడ్డాయనుకున్న ఆ వేళ్లలో ప్రతి దానికీ ఇప్పుడొక మనిషి, ఒక వాద్యం. ఫిల్ వుడ్స్, డొనాల్డ్ బర్డ్, పెప్పర్ ఆడమ్స్ లాంటివాళ్లు కాగితం చూసి వాయిస్తుంటే ఆ జంట స్వరాలు, ఆ ఆలస్యాలు, ఆ ఖాళీలు తమ తమ చోట్ల పడ్డాయి. అంతమంది వాయించగా కూడా అది మాంక్ కుడిచెయ్యిలాగే వినిపిస్తుంది. రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ముందు 1952 నాటిది విని, వెంటనే ఇది వినాలి.